గోడలో కుండలు

పాస్టరుగారి భార్యను ఎదురుగా అందరూ అమ్మగారనే పిలుస్తారు. వెనక మాత్రం ఎందుకమ్మ అంటారు. ఆ సంగతి ఆవిడకు తెలుసు, తెలిసి లోలోపల మురిసిపోతుంది కూడా. చిన్నప్పుడు "ఎందుకు" అన్న మాటతోనే నోరు తెరిచిందనీ, "అమ్మా" అన్నది ఆ తరవాతేననీ వాళ్ళ పెద్దక్క చెబుతుంది. పెద్దక్క మాటల్లో సగానికి సగం కోతలే, కానీ ఇది నిజమే అయ్యుండాలి. అరవయ్యేళ్ళు దగ్గరపడుతున్నా ఆవిడకు ఆ జబ్బు తగ్గలేదు. పాలు ఆలస్యంగా వస్తే ఎందుకు, పక్కింటి కుక్క పొద్దున్నే మొరిగితే ఎందుకు, తన కోడలితో మాట్లాడని ఎదురింటావిడ ఇవాళ మాట్లాడితే అది మరీ ఎందుకు.

కాబట్టి చర్చి గోడల్లో, పైకప్పుకు కాస్త కిందగా, వరసగా కనపడే గుండ్రటి కన్నాలు ఎందుకున్నాయని ఆవిడ అడగడంలో వింతేమీ లేదు. వింతల్లా ఒక్కటే. పెళ్ళై ఆ చర్చిలో అడుగుపెట్టిన నాటి నుంచి అడుగుతూనే ఉన్నా ఏ ఒక్కరి దగ్గరా సరైన జవాబు లేకపోవడం. గాలి కోసం అన్నారు కొందరు. గాలి కోసమైతే అవి అవతలికి తెరుచుకోవాలి కదా, గోడ లోపలే ఎందుకు ముగిసిపోతున్నాయి? పావురాల కోసం అన్నారు ఇంకొందరు. పావురాలకు గూళ్ళు కట్టించిన పెద్దమనిషి మనుషులకు మాత్రం కిర్రుమని మూలిగే బల్లలు వేయించాడా? ఇటుకలు మిగుల్చుకోవడానికి అన్నాడు ఒక పిసినారి. ఎవరి బుద్ధి వాళ్ళ జవాబులో కనిపించింది తప్ప కన్నాల సంగతి తేలలేదు.

ఆవిడను వేధించే ప్రశ్న ఇంకొకటి ఉంది. అది ఇంటి ప్రశ్న. రెండేళ్ళ కిందట పాస్టరుగారి గొంతులో గడ్డ లేచింది. ఆపరేషన్ చేసి తీశారు. గడ్డతోపాటు గొంతులోని సత్తువా పోయింది. ఒకప్పుడు ఆయన ప్రసంగం ఎత్తుకుంటే వీధి మలుపులో సైకిళ్ళు బాగుచేసేవాడు చేతిలో పానా పక్కన పెట్టి వినేవాడు. ఇప్పుడు వంటింట్లో నిలబడి మంచినీళ్ళు అడిగితే ముందుగదిలోకి వినపడదు. అంత సన్నబడిపోయిన గొంతు చర్చిలో మాత్రం చిట్టచివరి బల్ల దాకా తేటగా వెళ్ళేది. దేవుడి కృప అన్నారందరూ. ఎందుకమ్మ కూడా ఆమెన్ అంది. అని, కృపైతే మరి వంటింట్లో ఎందుకు పనిచెయ్యదని తనలో తాను అనుకుంది.

మైకు పెట్టి చూడకపోలేదు. ఆ గొంతులోని జీర పదింతలై, రంపంతో దూలం కోస్తున్నట్టు వినపడేసరికి ముందు బల్లలో చంటిపిల్ల కేరుమంది. మైకు తీసేశారు. "అందరికీ వినపడినన్నాళ్ళూ మీరే మా అయ్యగారు" అన్నారు సంఘం పెద్దలు. మంచి మాటే. కానీ ఆ మాటను తిప్పి చూస్తే ఏముందో పాస్టరుగారికీ తెలుసు, ఆవిడకూ తెలుసు. వినపడని రోజున కుర్రపాస్టరు ఎవరో వస్తాడు. ఈయన ముందుబల్లలో కూర్చుని వినాలి. "ఆ నాలుగు ముక్కలూ చెప్పలేకపోతే నేనెందుకే" అన్నాడాయన ఒకసారి అన్నం కలుపుతూ. ఎందుకు అన్న మాట ఆయన నోట రావడం ఆవిడకు అస్సలు నచ్చలేదు.

ఇలా ఉండగా చర్చి ముసలిదైపోయింది. వానొస్తే బల్లల మధ్య బకెట్లు పెట్టాల్సి వచ్చేది. ఒక పెళ్ళిలో, ప్రమాణాలు చెబుతుండగా, పైనుంచి సున్నం పెచ్చు ఊడి పెళ్ళికొడుకు భుజం మీద పడింది. అతను భయంతో చెప్పాల్సిన మాటలన్నీ గబగబా చెప్పేశాడు. ఇక లాభం లేదనుకున్నారు. ఆ వారం పాస్టరుగారు ప్రసంగంలో ఇలా అన్నాడు: "చేతులు జోడించి చేసే ప్రార్థన మనకు అలవాటే. చేతులకు సున్నం అంటించుకుని చేసేది కూడా ప్రార్థనే. ఈ ఇంటిని మనమే బాగుచేద్దాం. ప్రతి రాయీ ఒక స్తుతి అనుకుని ముట్టుకుందాం."

ఆ మాట జనానికి ఎక్కింది. ఎంతగా ఎక్కిందంటే, ఇంట్లో పుల్ల తీసి పక్కన పెట్టని మగవాళ్ళు కూడా గరుకు కాగితం పట్టుకుని బల్లలు రుద్దారు. పాటలు పాడే ఆడపిల్లలు కిటికీ అద్దాలు ఒక్కొక్కటే విప్పి, సబ్బునీళ్ళలో కడిగి, ఎండలో ఆరబెట్టారు. దర్జీ బాబాయి తెరలన్నీ కొత్తగా కుట్టాడు. ఆయనకు ఎనభై దగ్గర. కళ్ళు మసకైనా కుట్టు మాత్రం గీత గీసినట్టు వస్తుంది. కప్పు మీద పెంకులు మార్చడానికీ గోడలకు పూత వెయ్యడానికీ మేస్త్రిని పిలిచారు. అతను ఆ సంఘంవాడు కాదు. "పనివాళ్ళను పదిమందిని అదిలించొచ్చు గానీ భక్తుల్ని ఒక్కణ్ణి అదిలించలేం అమ్మగారూ. గోడ వంకరగా గీకుతూ కళ్ళు మూసుకుని స్తోత్రం అంటుంటే నేనేమనను?" అని ఎందుకమ్మ దగ్గర మొరపెట్టుకున్నాడు.

కన్నాల దగ్గరికి వచ్చేసరికి మేస్త్రి ఒకదాంట్లోకి మోచేతి దాకా చెయ్యి పెట్టి చూసి, "ఇది కన్నం కాదండోయ్, కుండ!" అని పరంజా మీంచి కేకేశాడు.

"కుండా? గోడలో కుండెందుకూ?" అంది ఎందుకమ్మ కింద నుంచి.

"నన్నడుగుతారేంటి? అడ్డంగా పడుకోబెట్టి చుట్టూ గోడ కట్టేశారు. మూతి మాత్రం ఇటు పెట్టారు. ఇన్నేళ్ళుగా పని చేస్తున్నా ఇలాంటిది చూడలేదు."

ఇంక ఆవిడ ఆగుతుందా? పాస్టరుగారు వద్దు వద్దంటుండగానే కొంగు బిగించి పరంజా ఎక్కింది. కుండ మూతి చుట్టూ తడిమింది. లోపల నున్నగా, చల్లగా ఉంది. వాసన చూసింది, పాతమట్టి వాసన. ఎవరో అక్కడ దాక్కున్నట్టు "ఓయ్" అంది. ఏమీ లేదు. ఆవిడ పాటల బృందానికి హార్మోనియం వాయించే మనిషి కాబట్టి, పెదాలు కుండ దగ్గర పెట్టి సన్నగా ఒక స్వరం పట్టి, మెల్లగా కింది స్వరాలకు దిగుతూ వచ్చింది. ఒకచోట కుండ ఉలిక్కిపడినట్టు "ఊఁ" అని బదులు పలికింది. ఆవిడ ఒళ్ళు ఝల్లుమంది. పక్క కుండ దగ్గరికి జరిగి మళ్ళీ స్వరం దించుతూ వచ్చింది. అదీ పలికింది, కానీ వేరే స్వరానికి. మూడోది ఇంకోదానికి. దిగమని మొగుడు, పడతారని మేస్త్రి అరుస్తుంటే ఆవిడ మాత్రం కుండ నుంచి కుండకు పాకుతూ సాయంత్రం దాకా కూనిరాగాలు తీసింది.

ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు. ఆ రాత్రే జరిగిన సంఘం కూటంలో అంతా చెప్పేసింది. సంఘం పెద్దాయన నవ్వాడు. ఆయనకు తీర్మానంగారని పేరు. తుమ్మినా దగ్గినా తీర్మానం చేసి గానీ ఊరుకోడు. మనిషి మాత్రం మంచివాడు. "ఖాళీ కుండకు మోత ఎక్కువని సామెత ఊరికే పుట్టలేదు కదమ్మగారూ" అన్నాడు. అందరూ నవ్వారు. ఆ తరవాత ఆయన ఒక లెక్క చెప్పాడు. కుండలెన్నో లెక్కపెట్టించాడట. సంఘంలో కుటుంబాలూ సరిగ్గా అన్నే ఉన్నాయట. ఒక్కటి ఎక్కువ లేదు, తక్కువ లేదు.

కొందరు స్తోత్రం అన్నారు. అంతటి గుర్తు కళ్ళెదుట పెట్టుకుని ఊరుకోవడం ఎలా? తీర్మానం క్షణాల్లో తయారైంది. ప్రతి కుటుంబమూ ఒక కుండ తీసుకోవాలి. దేవుడు తమకు చేసిన మేలుకు గుర్తుగా ఏదో ఒక వస్తువు అందులో పెట్టి, ప్రార్థన చేసుకుని, తమ చేత్తోనే మూతి మూసెయ్యాలి. ఆ కుండల్లో గూళ్ళు పెట్టే కందిరీగల బెడదా పోతుంది, గోడా నున్నగా ఉంటుంది, స్తుతీ గోడలో నిలిచిపోతుంది.

"అసలవి ఎందుకు పెట్టారో తెలియకుండా మూసెయ్యడం ఎందుకండీ?" అంది ఎందుకమ్మ.

"తెలిసినవాళ్ళు ఎవరూ లేరు కదమ్మా."

"తెలియనప్పుడు ఆగాలి గానీ..."

"చాల్లే, కూర్చో" అన్నాడు పాస్టరుగారు మెల్లగా. ఆయనకు ఆ ఆలోచన ఎంతగానో నచ్చింది. ఆయన మొహం చూసి ఆవిడ కూర్చుంది.

మూసిన రోజు మాత్రం చూడముచ్చటగా జరిగింది, అది ఒప్పుకోవాలి. కుటుంబాలు ఒక్కొక్కటే పరంజా ఎక్కాయి. ఒకరు పాప తొలిసారి తొడిగిన సాక్సు పెట్టారు. ఒకరు అగ్నిప్రమాదం నుంచి తప్పించుకున్న తమ ఇంటి తాళంచెవి పెట్టారు. తీర్మానంగారు తన పాత కళ్ళజోడు పెట్టాడు. దర్జీ బాబాయి తన భార్య వేలికి పెట్టుకుని కుట్టే ఇత్తడి తొడుగు పెట్టాడు. ఆవిడ పోయి అప్పటికి ఏడాది కావస్తోంది. మూతి మీద సున్నపు మాలు తానే మెత్తాడు, ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. పాస్టరుగారు ఆపరేషన్ రోజున ఆసుపత్రివాళ్ళు తన చేతికి కట్టిన పట్టీ పెట్టాడు. ఎందుకమ్మ తాపీ పట్టుకుని, మూసే ముందు చివరిసారిగా కుండలోకి చెవి పెట్టింది. తరవాత ఆవిడే మూసింది. పైన మేస్త్రి నిగనిగలాడే రంగు వేశాడు.

మొదటి ఆదివారం వచ్చింది. పాటకు అందరికీ ఒళ్ళు పులకరించింది. పదిమంది పాడితే వందమంది పాడినట్టు గోడలు మోగాయి. ఆ తరవాత పాస్టరుగారు లేచి ప్రసంగం మొదలుపెట్టాడు. ఆయన అన్న మాట గోడకు తగిలి వెనక్కి వచ్చి, అప్పుడే బయల్దేరుతున్న రెండో మాట కాలు తొక్కింది. మూడోది వాటి మీద పడింది. నాలుగో బల్ల దాటాక అంతా ఒకటే గుయ్యిమనే హోరు. జనం ముందుకు వంగారు. చెవుల వెనక అరచేతులు పెట్టుకున్నారు. ఆయన గొంతు పెంచబోయి దగ్గు తెరలో పడ్డాడు. మళ్ళీ మైకు తెచ్చారు. హోరుకు జీర తోడయింది. అంతే.

పాట అంత బాగా మోగినప్పుడు తప్పు గోడది అని ఎవరనుకుంటారు? అయ్యగారి గొంతు ఇక లేదనుకున్నారు.

సాయంత్రం తీర్మానంగారు ఇంటికొచ్చాడు. చాలాసేపు కూర్చున్నాడు, కాఫీ చల్లారిపోయింది. చివరికి కళ్ళు తుడుచుకుంటూ, "నెలాఖరు ఆదివారం ఆరాధన అయ్యాక అందరం కూర్చుందాం అయ్యగారూ. మీకూ విశ్రాంతి కావాలి" అన్నాడు.

"మీ ఇష్టం" అన్నాడు పాస్టరుగారు. ఆయన మొహంలో కోపం లేదు, అదే ఎందుకమ్మ భరించలేకపోయింది.

ఆవిడ మర్నాడే పరిశోధన మొదలుపెట్టింది. మొగుణ్ణి వంటింట్లో నిలబెట్టి వాక్యం చదివించి తాను ముందుగదిలో విన్నది. ఎప్పటిలాగే అరకొరగా వినపడింది. అంటే గొంతు కొత్తగా పాడైందేమీ లేదు. చర్చికి తీసుకెళ్ళి వేదిక మీద నిలబెట్టి తాను వెనకబల్లలో కూర్చుంది. హోరు. ఆవిడ చప్పట్లు కొట్టింది. ఒక చప్పట కొడితే గోడలు నాలుగు కొట్టాయి. మేస్త్రిని పిలిచి అదే అడిగింది, ఇదివరకు ఇలా ఉండేదా అని.

మేస్త్రి తల గోక్కున్నాడు. "గోడలకు చెవులుంటాయంటారు కదమ్మగారూ. మనం వాటిని మూసేసినట్టున్నాం."

వేళాకోళానికే అన్నాడు గానీ ఆవిడ బల్లలోంచి లేచి నిలబడింది. పెద్దక్క కొడుకు ఇంజనీరు. అతనికి ఫోన్ చేసింది. అంత చిన్న కుండలు అంత పెద్ద గది మోతను మింగుతాయా పిన్నీ, నిగనిగల రంగు వల్ల కావచ్చు, లేదంటే రెండూ కలిసి కావచ్చు, లేదంటే నీ అనుమానమే కావచ్చు అన్నాడు. మూడు జవాబులు చెప్పాడంటే ఒక్కటీ తెలియదని ఆవిడకు అర్థమైంది. చూడాల్సిందే.

"మనది మనం పగలగొట్టుకుంటే ఎవరికీ అభ్యంతరం ఉండదుగా?" అంది మొగుడితో. ఆయన సరేనన్నాడు. ఆవిడే ఉలితో తమ కుండ మూతి తెరిచింది. చప్పట్లు కొట్టింది. గోడలు మళ్ళీ నాలుగూ కొట్టాయి. ఒక్క కుండతో ఏమవుతుంది? తిలాపాపం తలా పిడికెడు అన్నట్టు అందరూ కలిసి మూశారు. తెరవాలన్నా అందరూ కలిసి తెరవాల్సిందే.

రెండు మూడిళ్ళు తిరిగి వచ్చింది. మంచినీళ్ళిచ్చారు, కూర్చోమన్నారు. ప్రార్థన చేసి మూసినదాన్ని పగలగొట్టడం మాత్రం ఎవరికీ మనసు రాలేదు. "మా పాప సాక్సు అండీ" అంది ఒక తల్లి. ఎందుకమ్మ గ్లాసు కింద పెట్టి లేచి వచ్చేసింది.

ఇంటికొచ్చేసరికి సంగతి పాస్టరుగారికి తెలిసింది. పెళ్ళైన ఇన్నేళ్ళలో ఆయన ఆవిడ మీద కోప్పడింది తక్కువ. ఆ రోజు కోప్పడ్డాడు. ఆ గొంతుతో కోప్పడితే గుసగుసలాడినట్టే ఉంటుంది.

"నా గొంతు కోసం వాళ్ళ ప్రార్థనల్ని పగలగొట్టమని అడుగుతావా? గోడకు సున్నం పూయడం ఆరాధనేనని చెప్పిందే నేను. ఇప్పుడు నా అవసరానికి అది కాదనాలా?"

"మీ గొంతు కోసం కాదండీ. వాళ్ళు చర్చికొచ్చేది వినడానికే కదా. వినపడకపోతే ఎందుకు రావడం?"

"వినపడేవాడు ఎవడో వస్తాడు."

"వాడికీ ఆ గోడలేగా ఉండేది!"

 ఇంకెవర్నీ అడగనని ఆవిడ చేత మాట తీసుకున్నాడు. ఆవిడ మాటిచ్చింది. ఇచ్చి వంటింట్లోకి వెళ్ళి, గిన్నెలు అవసరానికి మించి చప్పుడు చేస్తూ తోమి, ఏడ్చింది.

నెలాఖరుకు ముందు ఆదివారం. ఆ చర్చిలో ఒక పద్ధతి ఉంది. ఆ వారంలో ఎవరు పోయిన రోజు వస్తుందో వాళ్ళ పేర్లు పాస్టరుగారు వేదిక మీంచి చదువుతాడు. ఒక్కో పేరు దగ్గర ఒక క్షణం ఆగుతాడు. ఇంటివాళ్ళు తల వంచుకుని వింటారు. ఆ వారం దర్జీ బాబాయి భార్య మొదటి ఏడాది. బాబాయి చొక్కాకు గంజి పెట్టుకుని వచ్చాడు. ఎప్పుడూ ఆయనా ఆవిడా కూర్చునే చిట్టచివరి బల్లలో, ఆవిడ చోటు ఖాళీ ఉంచి పక్కన కూర్చున్నాడు. పాస్టరుగారు పేర్లు చదివాడు. హోరులో ఏ పేరు ఎక్కడ మొదలైందో ఎక్కడ ముగిసిందో తెలియలేదు. అందరూ లేచి ఆఖరి పాట అందుకున్నా బాబాయి తల వంచుకునే ఉన్నాడు. ఆయన ఇంకా ఆ పేరు కోసమే ఎదురుచూస్తున్నాడని హార్మోనియం దగ్గరున్న ఎందుకమ్మకు అర్థమైంది. 

మర్నాడు పొద్దున ఆవిడ చర్చిలో దీపాలు తుడుస్తుండగా ఎవరో వచ్చిన అలికిడి అయింది. దర్జీ బాబాయి. చేతిలో సుత్తీ ఉలీ ఉన్నాయి. ఎవరితోనూ మాట్లాడకుండా గోడకు ఆనించిన నిచ్చెన ఎక్కడం మొదలుపెట్టాడు.

"బాబాయ్! ఆగండి, పడిపోతారు" అని ఆవిడ పరుగెత్తి నిచ్చెన పట్టుకుంది. "నేనేం అడగలేదు మిమ్మల్ని. అయ్యగారికి మాటిచ్చాను."

"నువ్వడగలేదమ్మా. నేనే వచ్చా" అన్నాడు పైనుంచి, ఆయాసపడుతూ. "నిన్న దాని పేరు చదివారా?"

"చదివారు బాబాయ్."

"వినపళ్ళేదు." ఉలి మూతి మీద పెట్టాడు, కొట్టలేదు. "నువ్వు నవ్వనంటే ఒకటి చెప్తా. యాభై ఏళ్ళు కాపరం చేశాం. దాన్ని ఏనాడూ పేరు పెట్టి పిలవలేదు నేను. ఇదిగో అనడం, ఏమే అనడం. మావాళ్ళలో అంతే, పిలిస్తే నామోషీ అనుకునేవాళ్ళం. పెళ్ళినాడు ఇక్కడ చదివారు దాని పేరు. పోయిన ఏడాది శవపెట్టె ముందు చదివారు. నిన్న వింటాననుకున్నా. ఏడాదంతా దాని కోసమే ఉన్నా."

ఎందుకమ్మ నవ్వలేదు. నిచ్చెన గట్టిగా పట్టుకుంది, అంతే. 

"దాని వస్తువు లోపల పెట్టి నోరు మూసేశాను చూడు. ఆ గోడే దాని పేరు మింగేసింది" అని బాబాయి సుత్తి ఎత్తాడు. మాలు పెళ్ళలుగా రాలింది. మూతి తెరుచుకున్నాక ఆయన చెయ్యి లోపల పెట్టి, ఇత్తడి తొడుగు తగిలిందో లేదో చూసుకున్నాడు. బయటికి తియ్యలేదు. "అది లోపలే ఉంటుంది. నేను ఇచ్చింది ఇచ్చినట్టే. దానికి బిరడా ఎందుకమ్మా?"

ఆ మాట మధ్యాహ్నానికల్లా వీధి వీధంతా పాకింది. ఎందుకమ్మ ఒక్క ఇంటి గడపా తొక్కలేదు, మాట తప్పలేదు. దర్జీ బాబాయి మాత్రం ఎవరికీ మాటివ్వలేదు కదా! తన చేత బట్టలు కుట్టించుకున్న ప్రతి ఇంటికీ వెళ్ళి కూర్చున్నాడు. తియ్యక్కర్లేదు, తెరిస్తే చాలని చెప్పాడు. సాక్సు పెట్టిన తల్లి వచ్చింది. ముందు మూతి తెరిచి, లోపల సాక్సు క్షేమంగా ఉందని పాపను ఎత్తుకుని చూపించింది. తాళంచెవివాళ్ళు వచ్చారు. మేస్త్రి ఎవరూ పిలవకుండానే వచ్చి, వేసిన చేతులతోనే పగలగొట్టడం తన జన్మలో మొదటిసారని గొణుగుతూ మూతులన్నీ అంచులు సరిచేశాడు. కొందరు రాలేదు. తా పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే మనుషులు ఏ సంఘంలో లేరు? వాళ్ళవి అలాగే మూసి ఉన్నాయి, వాళ్ళను ఎవరూ ఏమీ అనలేదు. తీర్మానంగారు తనది తెరవలేదు. "తీర్మానం లేకుండా ఎలా?" అన్నాడు. శనివారం సాయంత్రం ఎవరూ చూడకుండా వచ్చి తెరిచి వెళ్ళాడని తరవాత మేస్త్రి చెప్పాడు.

పాస్టరుగారు ఆ వారమంతా చర్చిలోకి రాలేదు. తన కోసం జరుగుతోందని ఆయన బాధ. ఎందుకమ్మ వెళ్ళి చప్పట్లు కొట్టి చూస్తాననుకుని, వెళ్ళలేకపోయింది. అన్నీ అడిగే మనిషికి ఆ ఒక్కటి అడగడానికి భయం వేసింది. తెరిచినా హోరు అలాగే ఉంటే? తప్పు రంగుదే అయితే? అసలు గొంతుదే అయితే?

ఆదివారం తీర్మానంగారు చిట్టచివరి బల్లలో, దర్జీ బాబాయికి అటువైపు, మధ్యలో ఖాళీ చోటు వదిలి కూర్చున్నాడు. వినపడిందో లేదో తానే తేల్చుకోవాలని. ఆరాధన అయ్యాక కూర్చుందామన్న రోజు అదే. పాట ఈసారి అంత మోగలేదు. పాడేవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పాస్టరుగారు లేచాడు. వేదిక అంచు పట్టుకుని నిలబడ్డాడు. ఆవిడ హార్మోనియం మీద చేతులు పెట్టుకుని, ఆయన పెదాల వంక చూడకుండా కళ్ళు మూసుకుంది. చూస్తే అర్థమైపోతుంది, అప్పుడు విన్నట్టు కాదు.

"ప్రియులారా" అన్నాడాయన. సన్నగా, తేటగా, ఒక్కసారే వినపడింది.

"వినపడుతోందే!" అని తీర్మానంగారు తనలో తాను అనుకున్నాననుకుని గొణిగాడు. ముందుబల్ల వాళ్ళు సైతం వెనక్కి తిరిగి చూశారు. ఆయన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

పాస్టరుగారు ప్రసంగం మొదలుపెట్టలేదు. "పోయిన ఆదివారం చదివిన ఒక పేరు మళ్ళీ చదువుతాను" అన్నాడు. చదివాడు. ఆ పేరు ఎక్కడా తడబడకుండా బల్లల మీదుగా చివరి దాకా వెళ్ళింది. ఆయన ఆగాడు, ఎప్పటికంటే ఎక్కువసేపే ఆగాడు.

చివరి బల్లలో దర్జీ బాబాయి తల ఎత్తాడు. పక్కనున్న ఖాళీ చోటు వైపు తిరిగి, ఇంట్లో మాట్లాడినంత నెమ్మదిగా, సిగ్గుపడుతూ, తన జీవితంలో మొదటిసారి ఆ పేరు పలికాడు.

అటు చివర వేదిక మీద పాస్టరుగారు కళ్ళు తుడుచుకున్నాడు.

"వినపడింది బాబాయ్" అన్నాడు.